గుర్రానికి ఉదరశూల: అత్యవసర స్థితిలో కాలం, జ్ఞానం, భాష (కాశిబుగ్గ నేపథ్యంలో ఒక వివరణ)

వ్యాససంగ్రహం:

గుర్రానికి హఠాత్తుగా వచ్చే కడుపునొప్పిని అశ్వవైద్యంలో అత్యవసర స్థితిగా పరిగణిస్తారు. పశువుల పోషణలో తరతరాల అనుభవం ఉన్న తెలుగు కుటుంబాలకు సైతం ఈ స్థితి కొత్తది. ఆ అనుభవం ప్రధానంగా ఆవు, ఎద్దు, గేదెల చుట్టూ పెరిగింది. గుర్రపు జీర్ణవ్యవస్థ వాటికి భిన్నమైనది. ఎద్దుకు మేలు చేస్తుందని నమ్మే నాటువైద్యం గుర్రానికి ప్రాణాంతకం కావచ్చు. వరంగల్ నగరంలోని కాశిబుగ్గను నేపథ్యంగా తీసుకొని, ఈ భేదానికి గల చారిత్రక, శారీరక కారణాలను, వైద్యుడు వచ్చేలోగా యజమాని చేయవలసిన పనులను, రోగస్థితిని తెలుగులో స్పష్టంగా చెప్పగల పదజాలం ఆవశ్యకతను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గుర్రం, ఉదరశూల, అశ్వవైద్యం, శాలిహోత్రం, కాకతీయులు, కాశిబుగ్గ, మామునూరు, పశువైద్య పదజాలం.

1. ఉపోద్ఘాతం:

‘బుగ్గ’ అంటే నీటి ఊట. ఆ మాటను తన పేరులో నిలుపుకొన్న కాశిబుగ్గ నేడు వరంగల్ నగరంలో జనసమ్మర్దమైన ప్రాంతం. ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ దీనికి చేరువలోనే ఉంది. ఇటువంటి పట్టణ ప్రాంతాలలో ఒకప్పుడు జట్కాబండికి కట్టిన గుర్రం నిత్యజీవితంలో భాగం. ఆటోలు వచ్చాక జట్కా కనుమరుగైంది. ఇప్పుడు గుర్రం ఎక్కువగా కనిపించేది పెళ్లి ఊరేగింపులలో, ఉత్సవాలలో మాత్రమే. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాల సంఖ్య సుమారు 3.4 లక్షలు. 2012 నాటి లెక్కతో పోలిస్తే ఇది దాదాపు 45 శాతం తక్కువ.

సంఖ్య తగ్గినకొద్దీ ఆ జంతువును గురించిన సామాజిక జ్ఞానమూ తగ్గుతుంది. వీధిలో పది గుర్రాలు ఉన్నప్పుడు ఒకదానికి జబ్బు చేస్తే చెప్పగల పెద్దలు పక్కనే ఉండేవారు. ఒకే గుర్రం మిగిలినప్పుడు దాని యజమాని ఒంటరి. అతనికి ఆ గుర్రం జీవనాధారం. అంతకుమించి, పేరు పెట్టి పిలుచుకొనే ఇంటి ప్రాణి. అర్ధరాత్రి అది మేత మాని, నేలను కాలితో గీరుతూ, మాటిమాటికీ తన డొక్కవైపు తిరిగి చూస్తున్నప్పుడు అతడు ఏం చేస్తాడు అనే ప్రశ్న కేవలం వైద్యానికి సంబంధించినది కాదు. ఆ సమాజంలో ఏ జ్ఞానం నిలిచింది, ఏది జారిపోయింది అన్న విచారణ కూడా అందులో ఇమిడి ఉంది.

2. తెలుగునేలపై గుర్రం – కొలువులో నిలిచిన విద్య:

పశువుకు వైద్యం చేయడం రాజధర్మమనే భావన తెలుగుదేశానికి ప్రాచీనమైనది. కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. మనుషులకు, పశువులకు రెండు విధాల చికిత్సలను ఏర్పాటు చేసినట్లు, ఔషధ మొక్కలను నాటించినట్లు అశోకుని రెండవ శిలాశాసనం తెలుపుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. గుర్రం శరీరం క్షీణించినా, అతిగా పెరిగినా ప్రతిక్రియ చేయడం, ఋతువునుబట్టి ఆహారం నిర్ణయించడం అశ్వవైద్యుల బాధ్యతలని అందులో కనిపిస్తుంది. చికిత్సలో, ఔషధంలో జాప్యంవల్ల రోగం ముదిరితే చికిత్స వ్యయానికి రెట్టింపు దండుగ, ఆ అపరాధంవల్ల గుర్రం మరణిస్తే దాని వెల దండుగ అని విధించడం గమనార్హం. ఆలస్యాన్ని నేరంగా భావించిన ఆ దృష్టి నేటి అశ్వవైద్యానికీ మూలసూత్రమే.

సంస్కృతంలో శాలిహోత్రుని పేరుమీద అశ్వశాస్త్ర సంప్రదాయం ఏర్పడింది. నకులుని పేరుతో అశ్వశాస్త్రం, జయదత్తుని అశ్వవైద్యకం ప్రసిద్ధాలు. శాలిహోత్రుని పేరునుండే హిందీ, ఉర్దూలలో పశువైద్యుణ్ణి సూచించే ‘సలోత్రీ’ పదం వచ్చింది. తెలుగులో మనుమంచిభట్టు ‘హయలక్షణవిలాసము’ రచించాడు. అంటే గుర్రాన్ని గురించిన శాస్త్రం తెలుగు పద్యంలోకి కూడా ప్రవేశించింది.

అయితే ఆ విద్య ఎవరి వద్ద ఉండేదన్నది ముఖ్యం. దక్షిణదేశంలో మేలుజాతి గుర్రం ప్రధానంగా దిగుమతి సరకు. గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244) దీనికి ఒక సాక్ష్యం. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరకును పూర్వరాజులు బలవంతంగా తీసుకొనేవారని, తాను అలా చేయనని గణపతిదేవుడు అందులో అభయమిచ్చాడు. ఓరుగల్లుపై మలిక్ కాఫుర్ దండయాత్ర (1309–10) ముగింపులో ప్రతాపరుద్రుడు అప్పగించిన వాటిలో 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఉన్నాయని చరిత్రకారుడు బరనీ రాశాడు. గుర్రం రాజ్యబలానికి కొలమానం. దాన్ని సాకే విద్య సాహిణుల చేతిలో, కొలువు లాయంలో ఉండేది. సాహిణి అన్న పదం ఆ కాలపు అధికార నామాలలో స్థిరపడింది. ‘నృత్తరత్నావళి’ కర్త జాయపసేనాని గణపతిదేవుని గజసాహిణి కావడం సుప్రసిద్ధం.

లాయం వెలుపల ఈ విద్య ఎంత పలుచనో అదే శతాబ్దంలో దక్షిణతీరాన్ని చూసిన మార్కోపోలో రాతలు సూచిస్తాయి. తమిళతీరంలోని మాబర్ రాజ్యంలో రాజులు ఏటా వేల గుర్రాలను కొంటారని, సరైన పోషణ తెలియక, అశ్వవైద్యులు లేక ఏడాది తిరిగేసరికి అవి చాలావరకు చనిపోతాయని అతడు పేర్కొన్నాడు. అమ్మకం తగ్గిపోతుందన్న భయంతో వర్తకులు అశ్వవైద్యులను అక్కడికి రానివ్వరని కూడా రాశాడు. యాత్రికుని మాటలో అతిశయోక్తికి చోటున్నా, జంతువు వచ్చినంత సులభంగా దాని వైద్యం రాలేదన్న సత్యం అందులో ఉంది. ఆస్థానాలు పోయాక లాయాలు పోయాయి. లాయాలతో పాటు ఆ విద్యా పోయింది. పల్లెలో, పట్టణంలో జనసామాన్యానికి మిగిలింది పాడి, సేద్యాల చుట్టూ అల్లుకున్న పశువైద్యం.

3. గుర్రం ఎద్దు కాదు – శరీరనిర్మాణ భేదం:

ఆవు, ఎద్దు నెమరువేసే జంతువులు. వాటి పొట్ట నాలుగు గదులు. తిన్న గడ్డి మొదటి గదిలోనే పులిసి, వాయువు త్రేనుపుల ద్వారా బయటకు పోతుంది. పశువు నెమరు మానిందంటే జబ్బు చేసిందని రైతు గుర్తిస్తాడు. కడుపు ఉబ్బితే నూనె వంటిది వెదురు గొట్టంతో నోట్లో పోయడం పల్లెల్లో తెలిసిన పద్ధతి.

గుర్రం నెమరువేయదు. దాని జీర్ణాశయం ఒకే గది. అంత పెద్ద శరీరానికి అది చాలా చిన్నది. సుమారు 8 నుంచి 15 లీటర్లు మాత్రమే పడుతుంది. అన్ననాళం జీర్ణాశయంలో చేరేచోట ఉన్న కండరవలయం అతిబలమైనది. పైగా అన్ననాళం ఏటవాలుగా ప్రవేశిస్తుంది. అందువల్ల లోపలికి వెళ్లినది వెనక్కి రాదు. గుర్రం సాధారణంగా వాంతి చేసుకోలేదు. ఆవులా త్రేన్చి వాయువును వదులుకోలేదు. జీర్ణాశయంలో ఒత్తిడి అదుపు తప్పితే అది పగిలిపోయే ప్రమాదం ఉంది.

గడ్డి పులియడం గుర్రంలో చివరి భాగంలో, అంటే గుడ్డిపేగులో, పెద్దపేగులో జరుగుతుంది. ఈ పేగులు పదుల లీటర్ల పదార్థాన్ని మోస్తాయి. అంత బరువైన పెద్దపేగులో ఎక్కువభాగం ఉదరకుహరపు గోడకు గట్టిగా అతుక్కొని ఉండదు. దారిలో అది వెనక్కి మడతపడేచోట వెడల్పు ఒక్కసారిగా తగ్గుతుంది. ఎండిన మేత అక్కడ ఇరుక్కోవడానికి, వాయువు నిండిన పేగు తన స్థానం నుంచి కదలడానికి, మెలిపడడానికి ఈ నిర్మాణమే కారణం. కాబట్టి ‘పశువుకు చేసినట్లే గుర్రానికీ చేద్దాం’ అన్న ఆలోచనకు శరీరశాస్త్రంలో ఆధారం లేదు.

4. ఉదరశూల – రకాలు, పేర్లు:

ఉదరశూల ఒక వ్యాధి పేరు కాదు. కడుపులో పుట్టిన నొప్పికి సూచకమైన లక్షణసముదాయం. కారణాలు అనేకం. ఆయుర్వేదంలోని శూల, ఆధ్మానం, ఆనాహం అనే పదాలు ఇక్కడ ఉపయుక్తాలు. పొడిచినట్లుండే నొప్పి శూల. వాయువుతో ఉబ్బడం ఆధ్మానం. మలం, వాయువు కదలక బంధించడం ఆనాహం. వీటిని ఆధారం చేసుకొని వాడుక తెలుగులో ప్రధాన రకాలను ఇలా చెప్పుకోవచ్చు:

4.1. ఈడ్పు నొప్పి: పేగు కండరాలు బిగుసుకొని వదలడంవల్ల వచ్చేది. వచ్చిపోతూ ఉంటుంది. చాలావరకు మందుతో తగ్గుతుంది.

4.2. వాయుశూల: పులిసిన మేతవల్ల, ధాన్యం ఎక్కువ కావడంవల్ల పేగులో వాయువు నిండడం.

4.3. మలబంధం: నీరు చాలక, మేత ముతకదై, పళ్లు సరిగా నమలలేక పేగులో మేత గడ్డకట్టడం. ఇసుక, ప్లాస్టిక్ సంచులు కూడా కారణాలే.

4.4. పేగు స్థానభ్రంశం, పేగుమెలిక: పేగు జరగడం లేదా మెలిపడడం. మెలికలో రక్తప్రసారం నిలిచిపోతుంది. ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. శస్త్రచికిత్స తప్ప గత్యంతరం ఉండదు.

4.5. క్రిములవల్ల వచ్చేది: కొన్ని పేగుక్రిముల పిల్లపురుగులు పేగుకు రక్తం తెచ్చే ధమనులను దెబ్బతీస్తాయి. గుర్రప్పిల్లలలో ఏలికపాముల ఉండలు పేగును అడ్డగిస్తాయి.

ఉదరశూలల్లో అధికభాగం శస్త్రచికిత్స లేకుండానే నయమవుతాయి. సమస్య ఏమిటంటే, మొదటి గంటలో ఈడ్పు నొప్పి, పేగుమెలిక ఒకేలా కనిపించవచ్చు. కంటితో చూసి ‘ఇది మామూలు కడుపునొప్పే’ అని తేల్చే అధికారం యజమానికి శరీరశాస్త్రం ఇవ్వలేదు.

5. కాలం ఎందుకు నిర్ణాయకం?

పేగు మెలిపడినప్పుడు పలుచని గోడ ఉన్న సిరలు ముందు మూసుకుపోతాయి. ధమనులు ఇంకా రక్తాన్ని తెస్తూనే ఉంటాయి. బయటకు పోయే దారి లేక పేగు గోడ ఉబ్బి నల్లబడుతుంది. తర్వాత ధమని కూడా మూసుకుపోతుంది. రక్తం పూర్తిగా ఆగిన కొద్ది గంటల్లోనే పేగు లోపలి పొర చనిపోవడం మొదలవుతుంది. ఆ పొర ఉన్నంతవరకు పేగులోని సూక్ష్మజీవుల విషాలు రక్తంలోకి రావు. పొర పోగానే అవి శరీరమంతా వ్యాపిస్తాయి. గుండె వేగం పెరుగుతుంది. చిగుళ్లు ఇటుకరంగుకు, తర్వాత ఊదారంగుకు మారతాయి. ప్రాణం దక్కినా గిట్టల్లోపలి పొరలు వాచి గుర్రం కుంటిదయ్యే ప్రమాదం ఉంటుంది.

ఇందులో యజమానిని మోసగించే ఘట్టం ఒకటి ఉంది. గంటలతరబడి దొర్లిన గుర్రం ఒక్కసారిగా శాంతిస్తుంది. ఇంటివారు గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి పేగు పగిలినప్పుడు, లేదా నొప్పి తెలియజేసే కణజాలమే చనిపోయినప్పుడు కూడా నొప్పి తగ్గినట్లు కనిపిస్తుంది. నయమైన గుర్రం మేతవైపు చూస్తుంది, లద్ది వేస్తుంది, నాడి నెమ్మదిస్తుంది. మృత్యువు సమీపించిన గుర్రం చల్లని చెమటతో, తల వేలవేసి, నాడి వేగంగా కొట్టుకొంటూ మౌనంగా నిలబడుతుంది. రెండు శాంతాలకూ భేదం తెలియాలంటే కొలతలు కావాలి.

6. యజమాని చూపు – లక్షణాలు, కొలతలు:

ఆవు విషయంలో నెమరు ఎలాంటి సూచికో గుర్రం విషయంలో లద్ది అలాంటిది. ఎన్నిసార్లు వేసింది, గట్టిగా ఉందా, జిగురుపొర ఉందా, చివరిసారి ఎప్పుడు అన్నవి ప్రథమసాక్ష్యాలు. తొలి లక్షణాలు మేత మానడం, పైపెదవి పైకి మడవడం, ముందుకాలితో నేల గీరడం, డొక్కవైపు చూడడం, మూత్రానికి నిలబడినట్లు సాగి నిలబడడం. నొప్పి పెరిగితే పడుకొని లేవడం, వెనుకకాలితో పొట్టను తన్నుకోవడం, చెమట, చివరికి అదుపులేకుండా దొర్లడం కనిపిస్తాయి.

ఈ చూపుకు తోడు కావలసినవి నాలుగు కొలతలు. విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రానికి నాడి నిమిషానికి 28 నుంచి 44. కింది దవడ ఎముక లోపలి అంచున వేలితో తడిమితే నాడి దొరుకుతుంది. ఎడమ మోచేయి వెనుక చెవి ఆన్చి గుండెచప్పుడూ వినవచ్చు. నొప్పితో ఉన్న గుర్రంలో నాడి 60 దాటి అక్కడే నిలిస్తే పరిస్థితి తీవ్రమని అర్థం. శ్వాస నిమిషానికి 8 నుంచి 16. శరీర ఉష్ణోగ్రత సుమారు 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్. చిగుళ్లు లేత గులాబీరంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు క్షణాల్లోగా రంగు తిరిగి రావాలి. చివరగా రెండు డొక్కలకూ చెవి ఆన్చి వినాలి. ఆరోగ్యవంతమైన పేగు గుడగుడలాడుతూ ఉంటుంది. పూర్తి నిశ్శబ్దం మంచిసూచన కాదు.

ఈ కొలతలకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. గడియారం, ఉష్ణమాపకం చాలు. అయితే గుర్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే యజమాని వీటిని కొన్నిసార్లు చూసి రాసిపెట్టుకోవాలి. ప్రతి గుర్రానికీ తనదైన మామూలు స్థితి ఉంటుంది. అది తెలియనివారికి మార్పు తెలియదు.

7. వైద్యుడు వచ్చేలోగా:

మొదట చేయవలసింది సమయాన్ని గుర్తించి, పశువైద్యుణ్ణి పిలవడం. తర్వాతి పనులు ఆ పిలుపు తర్వాతనే. మేత, దాణా పూర్తిగా తీసివేయాలి. గోడలు, రాళ్లు, తీగలు లేని మెత్తని చోటికి గుర్రాన్ని తేవాలి. నెమ్మదిగా కొద్దిసేపు నడిపిస్తే కొన్నిసార్లు ఉపశమనం కలుగుతుంది, దొర్లడమూ తగ్గుతుంది. రాత్రంతా నడిపించాలన్న నమ్మకం మాత్రం సరికాదు. నీరసించిన గుర్రం శక్తి అలా హరించుకుపోతుంది. ప్రశాంతంగా పడుకొని ఉంటే పడుకోనివ్వవచ్చు. తీవ్రంగా దొర్లుతున్నప్పుడు దగ్గరికి వెళ్లరాదు. అది కావాలని తన్నదు, కానీ నొప్పిలో తన మనిషిని గుర్తించదు.

చేయకూడనివి మూడు. మొదటిది, నోట్లో ఏదీ పోయకూడదు. నూనె గాని, కషాయం గాని, సోడా గాని గొట్టంతో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాంతకమైన న్యుమోనియా కలిగించవచ్చు. అప్పటికే నిండి ఉన్న జీర్ణాశయంపై భారం పెంచవచ్చు. పశువైద్యుడు నూనె ఇచ్చినా, ముక్కుద్వారా గొట్టాన్ని జీర్ణాశయంలోకి పంపి, లోపలి ద్రవాన్ని ముందు బయటకు తీసి చూసిన తర్వాతనే ఇస్తాడు. రెండవది, మనుషుల నొప్పిమాత్రలు గాని, ఇంట్లో మిగిలిన సూదిమందు గాని ఇవ్వరాదు. నొప్పిమందు నొప్పిని కప్పుతుంది, మెలికను విప్పదు. శస్త్రచికిత్స అవసరాన్ని గుర్తించే అవకాశం దాంతో చేజారుతుంది. మూడవది, దిష్టి తగిలిందనో, వేడి చేసిందనో భావించి తెల్లవారేవరకు వేచి ఉండరాదు. దిష్టి తీయడంవల్ల గుర్రానికి హాని లేదు, దానికోసం ఆగిన గంటలవల్ల ఉంది.

8. వైద్యునితో మాట – సమాచారం చికిత్సలో భాగం:

ఆధునిక పశువైద్యవిద్య గుర్రంతోనే మొదలైంది. 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో తొలి పశువైద్య పాఠశాలను స్థాపించిన బూర్జెలా స్వయంగా అశ్వారోహణ విద్యాగురువు. కాని నేడు తెలంగాణ జిల్లాల్లో పశువైద్యుని ముందుకు ప్రతిదినం వచ్చేవి ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, కోళ్లు. గుర్రం అరుదు. ఈ స్థితి ఎవరి లోపమూ కాదు, జంతుసంఖ్య మారిన ఫలితం. అందువల్లనే యజమాని ఇచ్చే సమాచారానికి విలువ మరింత పెరిగింది.

ఉదాహరణకు కాశిబుగ్గలోని ఒక యజమాని రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడని ఊహిద్దాం. ‘సార్, గుర్రానికి బాగాలేదు, తొందరగా రండి’ అన్న మాటలో ఆవేదన ఉంది, సమాచారం లేదు. ‘సార్, ఎనిమిదేళ్ల ఆడగుర్రం. తొమ్మిదిన్నర నుంచి మేత ముట్టలేదు. మధ్యాహ్నం తర్వాత లద్ది వేయలేదు. నాడి పది గంటలకు 48 ఉంది, ఇప్పుడు 64. చిగుళ్లు ఎర్రబడ్డాయి. కుడిడొక్కలో చప్పుడు వినబడడం లేదు. నిన్నటినుంచి కొత్త దాణా పెడుతున్నాం. మందేమీ ఇవ్వలేదు’ అన్న మాటతో వైద్యుడు బయలుదేరకముందే రోగ తీవ్రతను అంచనా వేయగలడు. ఏ మందులు, ఏ గొట్టాలు తీసుకురావాలో, నేరుగా పెద్ద ఆసుపత్రికి తరలించమనాలో నిర్ణయించగలడు. రెండవ మాటలో కఠినమైన పారిభాషిక పదం ఒక్కటీ లేదు. అన్నీ ఇంటి తెలుగు మాటలే. లోపించినది పదసంపద కాదు, ఏవి గమనించి చెప్పాలన్న క్రమం.

తెలంగాణలో 2017లో ప్రారంభమైన సంచార పశువైద్యశాలల సేవ 1962 నంబరుకు ఫోన్ చేస్తే అందుతుంది. వరంగల్‌కు మరొక అనుకూలత, నగరశివారులోని మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉండడం. సంచార సేవ ఏ వేళల్లో అందుతుంది, రాత్రివేళ ఎవరిని పిలవాలి, గుర్రానికి శస్త్రచికిత్స చేయగల చోటు ఎక్కడ అన్న మూడు ప్రశ్నలకు సమాధానాలను గుర్రం ఆరోగ్యంగా ఉన్నరోజునే కనుక్కొని గోడమీద రాసిపెట్టుకోవాలి.

9. తరలింపు, కఠిన నిర్ణయం:

వైద్యుడు గొట్టంతో జీర్ణాశయపు ఒత్తిడిని తగ్గిస్తాడు. గుదద్వారం ద్వారా చేయిపెట్టి పేగుల స్థితిని తడిమి తెలుసుకుంటాడు. పొట్టలోని ద్రవాన్ని సూదితో తీసి రంగు చూస్తాడు. అది ఎర్రగా, మబ్బుగా ఉంటే పేగు దెబ్బతిన్నదని అనుమానిస్తాడు. నొప్పికి మందు, సిరల ద్వారా లవణజలాలు ఇస్తాడు. మందుకు లొంగని నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే శస్త్రచికిత్సే మార్గం. వందల కిలోల జంతువుకు పూర్తి మత్తునిచ్చి, వెల్లకిల పరుండబెట్టి చేసే ఈ చికిత్సకు ప్రత్యేక సదుపాయాలు కావాలి. వాటికోసం హైదరాబాదుదాకా, అంటే సుమారు 145 కిలోమీటర్లు, ప్రయాణం అవసరం కావచ్చు. అప్పటికప్పుడు డీసీఎం వ్యాన్ వెదకడంలో పోయే గంట పేగుకు తిరిగిరాదు. వాహనం, ఎక్కించే మెట్టుబల్ల, నేలపై పరిచే గడ్డి, తోడు వచ్చే మనుషులు ముందే నిశ్చయమై ఉండాలి.

కొన్నిసార్లు పేగు పగిలి ఉంటుంది. కొన్నిసార్లు కుటుంబానికి శస్త్రచికిత్స భరించే శక్తి ఉండదు. కోలుకొనే ఆశ లేనప్పుడు బాధను పొడిగించకుండా వైద్యుని చేత నొప్పిలేని మరణాన్ని కలిగించడం క్రూరత్వం కాదు. బతకనిస్తే హింసే అయ్యే స్థితిలో ఉన్న జంతువు ప్రాణాన్ని తీసే ప్రక్రియను 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 13వ విభాగం గుర్తించింది. అన్నం పెట్టిన ప్రాణిని చేతులారా సాగనంపడం ఏ యజమానికైనా దుర్భరం. ఎంతవరకు ప్రయత్నించాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఇంటివారు ప్రశాంతంగా ఉన్నప్పుడే ఒకసారి మాట్లాడుకొని ఉంటే, ఆ రాత్రి నిర్ణయం భయంతో కాక దయతో జరుగుతుంది.

10. నివారణ – వరంగల్ పరిస్థితులలో:

వరంగల్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. గుర్రానికి మామూలు రోజుల్లోనే 25 లీటర్లకు పైగా నీరు కావాలి. ఎండలో, పనిలో అది ఇంకా పెరుగుతుంది. నీరు తగ్గితే పేగులో మేత ఎండుతుంది. వేసవి పెళ్లిళ్ల ముహూర్తాలు కూడా ఈ ఎండల్లోనే. మేళతాళాల మధ్య గంటలకొద్దీ నీరు, మేత లేకుండా నిలబడి, ఇంటికి రాగానే ఆకలిమీద ఒకేసారి దాణా తిన్న గుర్రం ప్రమాదంలో ఉన్నట్లే. ముహూర్తాలు లేని రోజుల్లో కదలిక లేక కట్టుకొయ్యకే పరిమితమైన గుర్రానిదీ అదే స్థితి.

స్వేచ్ఛగా మేసే గుర్రం రోజులో 14 నుంచి 16 గంటలు కొద్దికొద్దిగా మేస్తుంది. దాని పొట్ట దానికి తగినట్లే రూపొందింది. కనుక ఉలవలు, శనగలు, తవుడు ఒకేసారి కాక చిన్న భాగాలుగా పెట్టాలి. గడ్డి ఎక్కువ, గింజలు తక్కువ ఉండాలి. వరిగడ్డి చౌకగా దొరికినా పోషకవిలువ తక్కువ, ముతక. పచ్చిమేత, మంచి ఎండుగడ్డి కలపాలి. మేతను మార్చవలసివస్తే వారం, పదిరోజుల్లో క్రమంగా మార్చాలి. కూరగాయల వ్యర్థాలతోపాటు వచ్చే ప్లాస్టిక్‌ను ఏరివేయాలి. మేతను నేలమీద కాక తొట్టిలో వేస్తే ఇసుక లోపలికి పోదు. ఏడాదికోసారి పళ్లు చూపించడం, లద్ది పరీక్షించి క్రిములమందు వేయించడం, రోజూ నడిపించడం అలవాటు కావాలి. ఇవన్నీ పాటించినా ఉదరశూల రాదని హామీ లేదు. వచ్చే అవకాశం తగ్గుతుంది, వచ్చినప్పుడు ఎదుర్కొనే శక్తి పెరుగుతుంది.

11. ముగింపు:

తెలుగుసమాజంలో గుర్రం రాజలాయంలో, జట్కా అడ్డాలో, పెళ్లి ఊరేగింపులో మూడు దశలు చూసింది. మొదటి దశలో దానికి శాస్త్రం ఉంది. రెండవ దశలో అడ్డామీది అనుభవం ఉంది. మూడవ దశలో రెండూ పలుచబడ్డాయి. ఆ ఖాళీని ఎద్దువైద్యం నింపుతోంది. ఉదరశూల వంటి అత్యవసర స్థితిలో ఇది ప్రాణాంతకం. గుర్రం వాంతి చేసుకోలేదు కనుక నోట్లో ఏదీ పోయరాదు, పేగు గంటల్లో చనిపోతుంది కనుక తెల్లవారేదాకా ఆగరాదు, నొప్పి తగ్గినట్లు కనిపించడం నయమైనట్లు కాదు కనుక నాడిని నమ్మాలి. ఈ మూడు వాక్యాలు ప్రతి గుర్రపు యజమానికీ ఇంటి తెలుగులో అందవలసినవి.

జానపద పశువైద్యాన్ని సేకరించే పరిశోధకులు ఒక చికిత్స ఏ జంతువుకు ఉద్దేశించినదో, మరో జంతువుకు అది హానికరమో కాదో నమోదు చేయడం అవసరం. హయలక్షణవిలాసము వంటి గ్రంథాల పదజాలాన్ని నేటి పశువైద్యుల వాడుకతో సరిపోల్చి, ఒక్క పుటలో ఇమిడే గమనికల పత్రంగా రూపొందిస్తే భాషాపరిశోధన నేరుగా ఒక ప్రాణిని కాపాడే పనికి ఉపకరిస్తుంది. ఆలస్యానికి దండుగ విధించిన అర్థశాస్త్రపు నియమం నేడు అమలులో లేదు. ఆలస్యమైతే ఆ దండుగను చెల్లించేది గుర్రమే.